చూసుడుకు పైసలడుగుతమా

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆఫీసులో చూసింది ఆఫీసులోనే వదిలి రావాలని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లో చెప్పకూడదు, ఫోటో తీయకూడదు. రాసుకోకూడదని మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ నోట్‌బుక్.

ఇవాళ్టి సంగతి ఆఫీసుది కూడా కాదు, ఊరందరిదీ. హన్మకొండ చౌరస్తాలో చీరల దుకాణం శ్రీలత సముద్రంలో తప్పిపోయింది. ఎక్కడో విదేశంలో, అడుగున పడి ఉన్న పాత ఓడను చూపిస్తామని టూరిస్టులను చిన్న జలాంతర్గామిలో దింపుతారట. నలుగురు ఎక్కారు. దిగిన కాసేపటికే సిగ్నల్ పోయింది. టీవీలో తెర మూలన ఒక గడియారం పెట్టారు. లోపల గాలి ఇంకా ఎన్ని గంటలకు సరిపోతుందో చూపిస్తోంది. నేను ఇంటికొచ్చేసరికి డెబ్బై ఎనిమిది.

శ్రీలత తెలియని వాళ్ళు ఊళ్ళో లేరు. లోకల్ కేబుల్‌లో తన దుకాణం యాడ్ తనే చేస్తుంది. భుజం మీద చీర పరుచుకుని, కెమెరాలోకి చూసి, "రాండ్రి అక్కా, కూసోండ్రి. చూసుడుకు పైసలడుగుతమా" అంటుంది. పదేళ్ళుగా అదే మాట. పెళ్ళిళ్ళలో పిల్లలు అనుకరించి చూపిస్తారు.

అత్తమ్మ పద్నాలుగేళ్ళ నుంచి ఆ దుకాణం చీరలకు కుచ్చులు వేస్తుంది. ఇవాళ దారం చేతిలోనే ఉంది, ముడి పడలేదు. "గంత లోతుకు ఎందుకు పోయిందమ్మా గీమె" అని టీవీనే అడుగుతోంది.

మూడింటికి మా ఆయన షకీల్ మొబైల్ షాపు మూసి అన్నానికి వచ్చాడు. ముగ్గురం తింటున్నాం. "చూసుడుకు పైసలడుగుతమా అన్న అక్క, చూసుడుకే కోటి పెట్టింది" అన్నాను. ఊరికే నోటికొచ్చింది. షకీల్‌కు పొలమారింది నవ్వలేక. అత్తమ్మ మా ఇద్దరినీ చూసి, కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 10, బుధవారం

పొద్దున ఆరింటి షిఫ్టు. మడికొండ ఆఫీసు దాకా క్యాబ్‌లో అందరి నోటా ఇదే. నా సీటు వెనకాల కూర్చున్న అరుణ శ్రీలత గొంతును అచ్చం దించేసింది. డ్రైవర్ బ్రేకు మీద కాలు పెట్టి మరీ నవ్వాడు.

నా పని రాసుకుంటే రెండు మాటలే. జనం ఫిర్యాదు చేసిన వీడియోలు, కామెంట్లు నా ముందుకొస్తాయి. 'ఉంచు' అని ఒక బటన్, 'తీసెయ్' అని ఒక బటన్. ఒక్కో టికెట్టుకు, అంటే ఒక్కో ఫిర్యాదుకు, నలభై సెకన్లు. తెలుగువన్నీ మా ఫ్లోర్‌కే.

ఎనిమిదో తొమ్మిదో టికెట్టుకు నా మాటే వచ్చింది. ఒక బొమ్మ. నీళ్ళలో చేపలు వరసగా కూర్చుని ఉన్నాయి, మధ్యలో శ్రీలత చీర పరిచి చూపిస్తోంది. కింద, "చూసుడుకు పైసలడుగుతమా అన్న అక్క, చూసుడుకే కోటి పెట్టింది." రెండు లక్షల మంది చూశారు. అక్షరం మారలేదు. షకీల్‌కు మెసేజ్ పెట్టాను. "మా షాపులోల్ల గ్రూపుల వేసిన. మంచిగున్నదని వేసిన. నీ పేరు చెప్పలే తియ్" అని జవాబిచ్చాడు.

దాని కింద కామెంట్లు చదివాను. నలభై సెకన్లు దాటాయి. ఎవడు రాసిండో గని మెంటల్ ఎక్కించిండు, అని ఒకడు. ఇది రాసినోనికి దండం, అని ఇంకొకడు. నాకు ఇంతవరకూ ఎవరూ దండం పెట్టలేదు.

అప్పుడే శశాంక్ నా సీటు దగ్గరికి వచ్చాడు. మా టీమ్ లీడ్. నాకన్నా మూడేళ్ళు చిన్న, ఖమ్మం అబ్బాయి.

"ఫిజా, నువ్వు హన్మకొండనే గదా. ఈ మేడమ్ మామూలు మనిషా, పబ్లిక్ ఫిగర్ కిందికొస్తదా? పైనుంచి అడుగుతున్నరు. మామూలు మనిషైతే సావు మీద జోకులన్నీ తీసెయ్యాలె. పబ్లిక్ అయితే ఉంచుడే."

"ఆమెకు ఏమైందో ఇంకా తెల్వది గదా" అన్నాను.

"అయ్యేదే గదా. చెప్పు."

"పబ్లిక్కే. పదేండ్ల నుంచి టీవీల వస్తది. ఊరంతా ఎరుకే."

అతను ఫోన్‌లో ఒక మాట కొట్టి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో అందరి తెరల మీదా నోటీసు వచ్చింది. శ్రీలత, వరంగల్, పబ్లిక్ ఫిగర్, ఉంచు.

నేను అబద్ధం చెప్పలేదు. ఊరంతా ఎరుకే.

సెప్టెంబర్ 11, గురువారం

ఈరోజు నాకొచ్చినవాటిలో సగం ఆమెవే. చీర బరువుకే మునిగిందని. ఆమె మొగుడు గోపాల్ సేటు కొత్త పెళ్ళానికి చీర తీసి పక్కన పెట్టాడని. ఎంత పెట్టి పోయిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకరు ఇరవై లక్షలంటే ఒకరు రెండు కోట్లన్నారు. ఒక పెద్దమనిషి, రిటైర్డ్ అని పేరు పక్కనే రాసుకున్నాడు, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస రోజుల్లో ప్రయాణం పెట్టుకున్న ఆడదానికి ఇలాగే జరగాలని పేజీన్నర రాశాడు. అక్షరదోషం ఒక్కటి లేదు.

అన్నీ ఉంచాను.

ఒకటి మాత్రం జోకు కాదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఎవరో. "మా తమ్ముడు ఊరి చెరువుల పడి మూడు రోజులు దొరకలే. ఒక్క పడవ రాలే. మేమే తాళ్ళు కట్టుకొని దిగినం. గీమెకు ఏడు ఓడలు పంపిన్రు." దీని మీదా ఎవరో ఫిర్యాదు చేశారు. రెండుసార్లు చదివాను. ఉంచాను. ఆ తర్వాత వచ్చినవాటికి కాసేపు నవ్వు రాలేదు.

ఇంటికొస్తే అత్తమ్మ గుమ్మంలోనే, "దొరికిందా బిడ్డా?" అంది. నా ఆఫీసులో ముందే తెలుస్తుందని ఆమె నమ్మకం.

సెప్టెంబర్ 12, శుక్రవారం

గడియారం సున్నాకు వచ్చింది. దాన్ని తీసేసి అక్కడ సబ్బు ప్రకటన వేశారు.

సెప్టెంబర్ 13, శనివారం

జలాంతర్గామి ముక్కలు దొరికాయట. దిగిన మొదటి గంటలోనే నీళ్ళ ఒత్తిడికి నలిగిపోయిందన్నారు. కన్నుమూసి తెరిచేలోపే అన్నారు. అంటే గడియారం తిరిగిన నాలుగు రోజులూ లోపల ఎవరూ లేరు. శవాలు రావు.

అత్తమ్మ ఏడ్చింది. "నొప్పి తెల్వకుండనే పోయింది, గదన్న నయం" అన్నాడు షకీల్. ఆ వెంటనే ఫోన్ చూసి నవ్వు ఆపుకున్నాడు. ఏమిటో నేను అడగలేదు. పొద్దున నేను ఉంచిందే అయి ఉంటుంది.

ఒకటి రాసి పెట్టుకోవాలి. దీనికీ దానికీ సంబంధం లేదు, అయినా రాసి పెట్టుకుంటాను.

డిగ్రీ రెండో ఏడులో దసరాకు రెండు నెలలు ఆ దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా చేశాను. పెళ్ళికి ముందు సంగతి, అత్తమ్మకు తెలియదు. ఒకరోజు ఒక పట్టుచీర కనపడలేదు. దుకాణం నిండా జనం. శ్రీలత నా బ్యాగు అడిగి తీసుకుని, చీరలు పరిచే తెల్ల పరుపు మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, నోట్సు, దువ్వెన, కాగితంలో చుట్టిన ప్యాడ్. అది దొర్లి ఒకాయన మోకాలి దగ్గర ఆగింది. చీర ఇంకో దొంతర కింద దొరికింది. "సరే పో, పని చూస్కో" అంది. సాయంత్రం నాకొక్కదానికే చాయ్ తెప్పించి ఇచ్చింది.

తాగాను. తొమ్మిదేళ్ళయింది. బ్యాగు బోర్లించినందుకు కన్నా ఆ చాయ్ తాగినందుకే ఎక్కువ మండుతుంది.

మళ్ళీ రాస్తున్నాను, సంబంధం లేదు. పబ్లిక్ ఫిగర్ కాదని ఎవరైనా అనమను చూద్దాం.

సెప్టెంబర్ 15, సోమవారం

ఈరోజు స్పామ్ లైన్‌లో వేశారు. ఒకే మాటను పదే పదే పెట్టే అకౌంట్లను సిస్టమ్ పట్టి పంపిస్తుంది. మనం ఒకసారి చూసి ఖాయం చేయాలి. అప్పులిస్తామనేవాళ్ళు, జాతకాలు, దొంగ ఉద్యోగాలు.

పదకొండింటికి ఒకటి వచ్చింది. రెండు రోజుల్లో మూడు వందల పన్నెండు సార్లు ఒకే కామెంటు. "ఆమె మా అమ్మ. ప్లీజ్ తీసేయండి." ప్రతి జోకు కిందా అదే. చివరి యాభై అరవై చోట్ల అదీ లేదు. "మా అమ్మ" అని మాత్రమే ఉంది.

పేరు భవాని. ఫోటోలో రెండు జడలు, శ్రీలత ముక్కు. నేను దుకాణంలో చేసినప్పుడు కౌంటర్ కింద కూర్చుని అట్టపెట్టెల మీద బొమ్మలు గీసేది. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు అయి ఉండాలి.

చేపల బొమ్మ కింద కూడా పెట్టింది. నా మాట కింద. దానికి జవాబుగా ఎవరో చేప నవ్వుతున్న బొమ్మ పెట్టారు.

రూలు రూలే. యాభై దాటితే స్పామే. దానికి మినహాయింపు ఉందా అని శశాంక్‌ను అడగొచ్చు. అతను ఆడిటర్లతో మీటింగ్‌లో ఉన్నాడు. నలభై సెకన్లు అయిపోతున్నాయి. ఆ పిల్లకైనా మంచిదే, ఫోన్ పక్కన పెట్టి నిద్రపోతుంది అనుకున్నాను.

తీసెయ్ నొక్కాను. అకౌంట్ మొత్తం పోయింది.

సెప్టెంబర్ 16, మంగళవారం

నిన్నటి దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

ఏమీ లేదు.

సెప్టెంబర్ 20, శనివారం

సెలవు రోజు. బట్టలు ఆరేస్తుంటే గేటు దగ్గర గోపాల్ సేటు. శ్రీలత భర్త. దుకాణంలో ఎప్పుడూ లోపలి గదిలో ఉండే మనిషి, మా ఇంటికి ఎన్నడూ రాలేదు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

అత్తమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫాతిమక్కా, మీ కోడలు గా ఫోన్ల కంపెనీల చేస్తదంట గదా. ఒక్క మాట అడుగుదామని వచ్చిన."

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చాను. ఆయన నా మొహంలోకి చూశాడు. "నిన్నెక్కడ్నో చూసిన బిడ్డా."

"పెండ్లిలల్ల చూసుంటరు."

"అయ్యుంటది" అన్నాడు. గుర్తు లేదు. తొమ్మిదేళ్ళు నేను మోసింది ఆ ఇంట్లో ఎవరికీ గుర్తే లేదు.

"మా భవాని అకౌంట్ తీసేసిన్రు. గా అకౌంట్ల వాళ్ళమ్మ వీడియోలున్నయి. దుకాణంవి కావు, ఇంట్లవి. నూనె పెట్టుకునేటియి, టీవీ చూసుకుంట నిద్రపోయేటియి. ఎవ్వరికి కనవడకుంట తనొక్కతే చూసుకునేటట్టు పెట్టుకున్నదంట. ఫోన్ల జాగ లేదని ఫోన్లయి తీసేసింది. యాడ్‌లు చూపిస్తాన, గవి అమ్మ కాదంటాంది బిడ్డా. అన్నం తింటలేదు."

"అప్పీల్ పెట్టిన్రా సార్?"

"పెట్టినం. నిమిషంల రిజెక్ట్ అని వచ్చింది. గంత జల్ది ఎట్ల చదివిన్రు?" మళ్ళీ తనే అన్నాడు. "రేపు పెత్రమాస. పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు ఆమె పేరు చెప్పాల్నా వద్దా అని మా అమ్మను అడిగిన. శవం రాందే ఎట్ల చెప్తవంటది. మరి ఏం చెయ్యాలె చెప్పు."

అత్తమ్మ నా వైపు చూస్తోంది. "చెయ్యవే బిడ్డా. నీ చేతుల పనే గద."

"అది వేరే ఆఫీసు చూస్తది అత్తమ్మా. మా దగ్గర కాదు" అన్నాను.

"గట్లనా" అన్నాడాయన. "నీకెరుకున్నోళ్ళుంటే జర చెప్పు." అత్తమ్మ నిమ్మకాయ నీళ్ళు కలిపి తెచ్చేసరికి గేటు దాటాడు. ఆ గ్లాసు నేను తాగాను.

సెప్టెంబర్ 22, సోమవారం

చూశాను. తీసేసిన అకౌంట్ ముప్పై రోజులు వెనక్కి తేవచ్చు. ఆ తర్వాత లోపలివన్నీ శాశ్వతంగా పోతాయి. బయటి వాళ్ళ అప్పీల్ మిషనే తిప్పి పంపిస్తుంది. లోపలి నుంచి ఫారం ఉంది. 'నా నిర్ణయం తప్పు' అని పేరు. ఎవరు తీసేశారో వాళ్ళే నింపాలి. రెండు నిమిషాల పని.

నింపితే తప్పు నా లెక్కలోకి వస్తుంది. మూడు తప్పులైతే క్వాలిటీ టీమ్‌కు ఎంపికయ్యేవాళ్ళ లిస్టులో పేరుండదు. నావి ఇప్పటికే రెండు. ఆ టీమ్‌లో ఇవేవీ చూడనక్కర్లేదు. వేరేవాళ్ళ నిర్ణయాలు కాగితాల మీద చూస్తారు, అంతే. ఆరేళ్ళుగా నేను ఏమేం చూశానో షకీల్‌కు కూడా తెలియదు. మాంసం వండలేకపోతున్నానని అత్తమ్మకు ఒక్కదానికే తెలుసు. కారణం ఆమె అడగదు.

అక్టోబర్ 15 దాకా టైముంది. లిస్టు దసరా తర్వాత వస్తుందట. వచ్చాక నింపవచ్చు.

అక్టోబర్ 4, శనివారం

లిస్టు వాయిదా పడింది.

ఊళ్ళో ఎవరూ శ్రీలత మాట ఎత్తడం లేదు. బతుకమ్మ పాటల మధ్య ఒక్కసారి మైకులో ఎవరో ఆమె గొంతు దించారట, పెద్దగా నవ్వు రాలేదట. పాతదైపోయింది. నా టికెట్లలో ఇప్పుడు వేరే వాళ్ళు. పెళ్ళిలో కళ్ళు తిరిగి పడిపోయిన వరుడు.

అక్టోబర్ 9, గురువారం

లిస్టు వచ్చింది. నా పేరుంది. నవంబర్ ఒకటి నుంచి. శశాంక్ స్వీట్లు తెమ్మన్నాడు. తెచ్చాను.

ఇంకా ఆరు రోజులు. కానీ చేరేదాకా లెక్క చూస్తూనే ఉంటారని అరుణ అంది. పోయినసారి ఒకరి పేరు చివరి వారం తీసేశారట.

అక్టోబర్ 13, సోమవారం

ఫారం తెరిచాను. అకౌంట్ నంబర్ వేశాను. కారణం రాయమని ఖాళీ ఉంది. "కూతురు" అని రాశాను. అది కారణం కిందికి రాదు. చెరిపాను. భోజనం బెల్లు కొట్టారు.

అక్టోబర్ 15, బుధవారం

ముప్పై రోజులు ఈరోజుతో అయిపోయాయి. సెలవు పెట్టాను, జ్వరమని చెప్పాను. అత్తమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగనే ఉన్నది గదనే" అంది.

అక్టోబర్ 18, శనివారం

దీపావళికి ముందు దుకాణంలో చీరలు ఇచ్చి రావాలని, మూటలు రెండున్నాయని అత్తమ్మ నన్ను తోడు తీసుకుపోయింది. కాదనడానికి ఏమీ దొరకలేదు.

దుకాణం తెరిచే ఉంది. శ్రీలత కూర్చునే చోట భవాని కూర్చుంది. రెండు జడలు లేవు, ముడి పెట్టుకుంది. గోపాల్ సేటు లోపలి గది వదిలి బయట చీరలు మడతపెడుతున్నాడు. సరిగా రావడం లేదు, అంచులు కలవడం లేదు. అత్తమ్మ ఆయన చేతిలోంచి తీసుకుని తను మడతపెట్టడం మొదలుపెట్టింది.

భవాని నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అక్కా, మీరు గా ఆఫీసుల చేస్తరంట గద. నాన్న చెప్పిండు. మీరు చాన ట్రై చేసిన్రంట."

ఆయన ఏం చెప్పుకున్నాడో.

"పోయినయ్ అక్కా. మొన్న మెయిల్ వచ్చింది, ఇగ రావంట." ఆ పిల్ల ఏడవలేదు. తెల్ల పరుపు మీద వేలితో ఏదో గీస్తోంది. "ఒక్కటి అడగాల్నా?"

"అడుగు."

"గవి తీసేసేది మనుషులా, మిషనా?"

అత్తమ్మ చీర మడతలో చెయ్యి పెట్టి అలాగే ఆగింది.

"మిషనే" అన్నాను.

"నేను గదే అన్న నాన్నతోని." ఆ పిల్ల మొహం తేటపడింది, నెల రోజుల తర్వాత ఎవరో కాస్త కూడు పెట్టినట్టు. "ఆయననేమో ఎవడో కూసొని కావాల్నని తీసిండంటడు. వాని చేతులు ఇరగ అని తిడ్తాండు రోజు. నేనే కాదన్న. మా అమ్మ అని రాస్తే మిషన్‌కు ఏం తెలుస్తది? మూడు వందల సార్లు రాసిన నేను. మనిషన్నోడు ఒక్కసారి చదివినా తియ్యడు గద అక్కా?"

నా జవాబు కోసం చూస్తోంది. నవ్వినవాళ్ళందరినీ అప్పటికే లెక్కలోంచి తీసేసి, ఒక్క మనిషి కోసం చూస్తోంది.

"తియ్యడు" అన్నాను.

భవాని తల ఊపింది. తండ్రి వైపు తిరిగి, "ఇన్నవా నాన్నా, అక్క కూడ గదే అంటాంది" అంది. గోపాల్ సేటు నాకు రెండు చేతులూ జోడించాడు.

"చెమటలు పట్టినయ్ అక్కా మీకు" అని భవాని లేచి, స్టాండు ఫ్యాన్ మెడ నా వైపు తిప్పింది.